అలగానిపాడు దారిలో ఆగిన రోజు

నిన్న నెల్లూరు జిల్లా విడవలూరు వైపు పనిమీద వెళ్లి, తిరుగు ప్రయాణంలో అలగానిపాడులో కాసేపు ఆగాను. 1913 మే 1న కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు పుట్టిన ఊరు అది. భూమి గల కుటుంబంలో పుట్టి, పేరు చివర కులాన్ని సూచించే మాటను వదిలేసి, పార్లమెంటు సభ్యుడై కూడా ఢిల్లీలో సైకిల్ మీదే సభకు వెళ్లిన ఆయన గురించి మా తాతయ్య చెబుతుంటే చిన్నప్పుడు వింతగా వినేవాడిని.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం సైకిల్ కాదు. 1964లో ఏర్పడిన సీపీఎంకు తొలి ప్రధాన కార్యదర్శి అయిన ఆయన, ఎమర్జెన్సీ కాలంలో పార్టీ పంథాతో విభేదించి, తన కారణాలను వివరంగా రాసి ఇచ్చి ఆ పదవిని వదులుకున్నారు. పార్టీని మాత్రం వదలలేదు, తర్వాత రాష్ట్రంలో అదే జెండా కింద పనిచేశారు. శత్రువును ఎదిరించడం కంటే సొంతవాళ్ల మధ్య నిలబడి కాదనడం చాలా కష్టమని నా అనుభవం.

పోయిన వేసవిలో మా ఊరి కాలువ పూడికతీత పూర్తయినట్టు రాసిన కాగితం నా ముందు పెట్టారు. తూము దగ్గర తూటికాడ కలుపు అలాగే ఉంది. "అందరం చేశాం, నువ్వూ సంతకం పెట్టు అబ్బాయా" అన్నవారు నన్ను ఎత్తుకుని పెంచిన పెద్దాయన. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను. ఆయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు, అయినా పండక్కి ఆయన ఇంటికి నేనే వెళ్లి వస్తున్నాను.