లైబ్రేరియన్‌కి ట్రైనింగ్ ఎందుకన్నారు: ఇండక్షన్ ప్రోగ్రామ్ పూర్తి చేసిన నా అనుభవం

నిన్న సాయంత్రం నా సర్వీస్ రిజిస్టర్‌లో ఒక ఎంట్రీ పడింది. కాలేజీ అధ్యాపకులకిచ్చే ఫ్యాకల్టీ ఇండక్షన్ ప్రోగ్రామ్ అనే శిక్షణ పూర్తి చేసినట్టు ఒకటిన్నర లైను. ఆ ఒకటిన్నర లైను కోసం ఏడాదికి పైగా తిరిగాను. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారితే సగం సంగతులు వదిలేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

నేను చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌ని. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎంలిబ్ చదివి, నెట్ పాసై, 2019లో ఉద్యోగంలో చేరాను. పీహెచ్‌డీ లేదు. 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) రెగ్యులేషన్స్ ప్రకారం కాలేజీ లైబ్రేరియన్ ప్రమోషన్ మీద జీతం లెవెల్ 10 నుంచి 11కి వెళ్ళాలంటే పీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి నాలుగేళ్ళు, ఎంఫిల్ ఉన్నవాళ్ళకి ఐదేళ్ళు, ఏదీ లేని నాలాంటి వాళ్ళకి ఆరేళ్ళ సర్వీసు ఉండాలి. దాంతోపాటు 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు, లైబ్రరీ ఆటోమేషన్ లాంటి వాటి మీద కనీసం ఐదు రోజుల ట్రైనింగ్ కావాలి. ఆ ఐదు రోజులది ఎప్పుడో చేసేశాను. మిగిలింది ఓరియెంటేషన్. దాన్నే ఇప్పుడు ఫ్యాకల్టీ ఇండక్షన్ ప్రోగ్రామ్ అంటున్నారు.

నిరుడు ఒక మధ్యాహ్నం కామర్స్ సార్ కాస్ట్ అకౌంటింగ్ పుస్తకం తిరిగి ఇచ్చారు. డ్యూ స్లిప్ మీద తేదీ వేద్దామని తెరిస్తే, పేజీల మధ్య నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. విప్పి చూస్తే ఇండక్షన్ ప్రోగ్రామ్ సర్క్యులర్. కుడివైపు పైన మా ఆఫీసుకి కాగితం అందినట్టు వేసే ఊదారంగు ఇన్‌వార్డ్ స్టాంపు, దాని కింద పెన్నుతో నంబరు, తేదీ. దరఖాస్తుకి చివరి రోజు దాటి అప్పటికే ఐదు వారాలైంది. సార్‌ని అడిగితే, "స్టాఫ్ రూమ్ టేబుల్ మీద పడుంటే పేజీ గుర్తుకి పెట్టుకున్నా మేడమ్, మీకు అవసరమని తెలీదు" అన్నారు. ఆయన తప్పేమీ లేదు.

మా కాలేజీలో వాట్సాప్ గ్రూపులు రెండు ఉన్నాయి, ఒకటి టీచింగ్, ఒకటి నాన్‌టీచింగ్. ట్రైనింగులు, సెమినార్లు, రీసెర్చ్ గ్రాంట్ల వార్తలన్నీ మొదటిదాంట్లో పడతాయి. రెండోదాంట్లో సెలవులు, బయోమెట్రిక్ హాజరు గురించి మాత్రమే వస్తాయి. నన్నూ, ఫిజికల్ డైరెక్టర్ సార్‌నీ రెండోదాంట్లో పడేశారు. కాలేజీకి వచ్చిన అవకాశం ఒకరి టేబుల్ మీది కాగితం కాదు. దాన్ని దాచినా, నిర్లక్ష్యంగా వదిలేసినా ఒక మనిషి జీతంలో, సర్వీసులో కోత పడుతుంది. సర్క్యులర్ వచ్చిన రోజే నోటీసు బోర్డుకి గుచ్చడానికి ఎవరికీ ఐదు నిమిషాలు పట్టదు.

ఆ రోజు నుంచి ఆఫీసు చెబుతుందని ఎదురుచూడటం మానేశాను. ఈ ప్రోగ్రాములు నడిపే శిక్షణ కేంద్రాలను 1987లో యూజీసీ మొదలుపెట్టినప్పుడు అకడమిక్ స్టాఫ్ కాలేజీలు అన్నారు. తర్వాత హెచ్‌ఆర్‌డీసీ (హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్లు) అయ్యాయి. 2023 సెప్టెంబర్ 5న అధ్యాపకుల శిక్షణ కోసం కేంద్రం పెట్టిన మాలవీయ మిషన్ మొదలయ్యాక మళ్ళీ పేరు మారి, మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు అయ్యాయి. మన దగ్గర చాలామంది ఇంకా పాత పేరుతోనే వెతికి, ఏమీ రావట్లేదు అనుకుంటున్నారు. మాలవీయ మిషన్ పోర్టల్‌లో మీ పేరు రిజిస్టర్ చేసుకుని, నెలకి రెండుసార్లు మీరే చూసుకోండి. రిజిస్ట్రేషన్‌కి నాకు పట్టింది ఇరవై నిమిషాలు. ఈసారి ప్రోగ్రామ్ ప్రకటన వచ్చిన రోజే చూశాను. కావాల్సింది ఒక్కటే, ప్రిన్సిపాల్ సంతకంతో ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం.

మర్నాడు పదింటికి ఆఫీసుకి వెళ్ళి సూపరింటెండెంట్ గారికి ప్రింట్ తీసిన కాగితం ఇచ్చాను. గదిలో బిల్లుల కోసం వచ్చిన నలుగురు లెక్చరర్లు ఉన్నారు. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని కాగితం మొత్తం చదివి, అందరికీ వినపడేలా అడిగారు.

"ఏందమ్మా, పుస్తకాలు అరల్లో పెట్టేదానికి కూడా ట్రైనింగ్ కావాలనా?"

ముగ్గురు నవ్వారు. నాలుగో అబ్బాయి మా కాలేజీలోనే చదివినవాడు. మూడేళ్ళూ మా రీడింగ్ రూములో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చదివి పీజీ సీటు తెచ్చుకున్నాడు. ఇప్పుడు గెస్ట్ లెక్చరర్. వాడు నవ్వలేదు, తల దించుకున్నాడు. ఆ ముగ్గురి నవ్వు కన్నా వాడు తల దించుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"ఇది టీచర్లకి. మీరు నాన్‌టీచింగ్" అని కాగితం వెనక్కి తోశారు. నాకు గొంతు పెగల్లేదు. లైబ్రరీకి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుని కాసేపు కూర్చున్నాను. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ టీం వచ్చినప్పుడు ఇదే ఆఫీసు నన్ను రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చోబెట్టింది. వాళ్ళు చూసే అంశాల్లో నాలుగో క్రైటీరియన్‌లో 4.2 అనే భాగం మొత్తం లైబ్రరీదే. ఐదేళ్ళ పుస్తకాల కొనుగోళ్ళు, రోజుకి ఎంతమంది వస్తున్నారు, ఈ-జర్నల్స్ చందాలు, ప్రతి లెక్కకీ ఆధారాలు స్కాన్ చేసి పెట్టింది నేనే. ఆ వారమంతా నేను ఫ్యాకల్టీనే. గ్రూప్ ఫోటోలో ముందు వరుసలో కుర్చీ కూడా వేశారు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ "చూద్దాంలేమ్మా" అన్నారు. చివరి తేదీకి ఆరు రోజులే ఉంది. అప్పుడు ఫిజికల్ డైరెక్టర్ సార్ గ్రౌండ్ నుంచి వచ్చి, నా మొహం చూసి విషయం అడిగారు. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న మనిషి.

"అమ్మా, ఆఫీసులో నోటిమాట నిలబడదు. కాగితం పెట్టు. రెండు కాపీలు తీసుకుపో. ఒకటి వాళ్ళకిచ్చి, రెండోదాని మీద స్టాంపు వేయించుకో. స్టాంపు వేసేదాకా కదలొద్దు" అన్నారు.

ఈ మొత్తం వ్యవహారంలో నేను నేర్చుకున్న పెద్ద సంగతి ఇదే. ఉత్తరం రాశాను. 2018 రెగ్యులేషన్స్‌లో లైబ్రేరియన్ల ప్రమోషన్ గురించి ఉన్న పేజీ జత చేసి, ఓరియెంటేషన్ కోర్సు అన్న చోట ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను. ఇన్‌వార్డ్ క్లర్క్ "పెట్టిపోండి మేడమ్, తర్వాత వేస్తా" అంది. "నేను నిలబడే ఉంటానమ్మా, నీ పని చూసుకో" అన్నాను. నలభై నిమిషాలు నిలబడ్డాను. స్టాంపు పడింది.

రెండు రోజులకి ఎన్‌ఓసీ వచ్చింది. కానీ కింద ఆకుపచ్చ ఇంకుతో ఒక షరతు రాసి ఉంది. లైబ్రరీ స్టాక్ వెరిఫికేషన్ పూర్తి చేసి, చార్జ్ అప్పగించాకే రిలీవ్ చేస్తారట. కోర్సు మొదలయ్యేది పద్దెనిమిది రోజుల్లో. మా దగ్గర పుస్తకాలు పదకొండు వేల నాలుగు వందలు. సహాయానికి ఒక అటెండర్, అతన్నీ సగం రోజులు పరీక్షల డ్యూటీకి తీసుకుపోతారు. ఏ లెక్చరర్ ట్రైనింగ్‌కి వెళ్ళేటప్పుడూ బెంచీలు లెక్కపెట్టి వెళ్ళమనలేదు.

లెక్క మొదలుపెట్టాను. ఒకరు అరలోంచి పుస్తకం తీసి యాక్సెషన్ నంబరు (లైబ్రరీకి చేరినప్పుడు ప్రతి పుస్తకానికీ ఇచ్చే వరుస నంబరు) చదవాలి, ఇంకొకరు రిజిస్టర్‌లో టిక్కు పెట్టాలి. పగలు ఇష్యూ, రిటర్న్ పని ఆపకూడదు కాబట్టి సాయంత్రం నాలుగు నుంచి ఏడున్నర వరకు కూర్చున్నాం. రెండో రోజు బీఎస్సీ అమ్మాయిలు ముగ్గురు వచ్చి "మేడమ్, మేం చదువుతాం, మీరు టిక్కు పెట్టండి" అన్నారు. నేను పిలవలేదు, అటెండర్ చెప్పాడట. కింది అరల్లో పాత బైండింగు పుస్తకాలు తీస్తుంటే జిగురు ఎండి, ముట్టుకోగానే వీపులు ఊడొచ్చాయి. దుమ్ముకి ఒక అమ్మాయికి తుమ్ములు ఆగలేదు, అయినా చున్నీ ముక్కుకి కట్టుకుని నంబర్లు చదువుతూనే ఉంది. పదమూడు రోజులు పట్టింది. ఇరవై మూడు పుస్తకాలు లేవు.

ఆ జాబితా చూసి సూపరింటెండెంట్ గారు రేట్లు కూడారు. ఏడు వేల చిల్లర. "ముందు ఇది కట్టమ్మా, తర్వాత రిలీవ్ అవుదువు" అన్నారు.

ఈసారి నేను తయారుగా వెళ్ళాను. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 215వ నిబంధన గ్రంథాలయాల గురించే. ఇరవై వేలకి మించని పుస్తకాలున్న లైబ్రరీలో ఏటా పూర్తి వెరిఫికేషన్ చేయాలి. ఏడాదిలో ఇష్యూ చేసిన లేదా చదువరులు వాడిన ప్రతి వెయ్యి పుస్తకాలకి ఐదు పోవడం సహజమైన నష్టంగా తీసుకోవచ్చు. అయితే ఆ పోవడంలో మోసం గానీ నిర్లక్ష్యం గానీ ఉండకూడదు. వెయ్యి రూపాయలకి మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఇది కేంద్రం వాళ్ళ నిబంధన, నిజమే. కానీ మా కాలేజీలో దీని మీద వేరే రూల్ ఏదీ రాసి లేదు, పోల్చి చూసుకోవడానికి ఇదే ఆధారం. నిరుడు మా ఇష్యూ రిజిస్టర్ ప్రకారం ఇచ్చిన పుస్తకాలు ఆరు వేల రెండు వందలు. ఆ లెక్కన ముప్పై ఒకటి దాకా పోవచ్చు. పోయినవి ఇరవై మూడు. అందులో వెయ్యి రూపాయలు దాటింది ఒక్కటీ లేదు.

ఇదంతా ఒక పేజీలో రాసి, రూలు ప్రింటు, ఇష్యూ రిజిస్టర్ నెలవారీ మొత్తాలు జత చేసి నేరుగా ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. రెండో కాపీ మీద స్టాంపు అంతకుముందే వేయించుకున్నాను. ఆయన రెండుసార్లు చదివారు. "ఇన్ని పుస్తకాలు పిల్లలు తీసుకుపోతున్నారా?" అని అడిగారు. "రోజుకి పాతిక, ముప్పై సార్" అన్నాను. శనివారం సాయంత్రం రిలీవింగ్ ఆర్డర్ మీద సంతకం పెట్టారు. లైబ్రరీ తాళాలు తెలుగు మేడమ్‌కి అప్పగించాను. సోమవారం కోర్సు.

కోర్సు గురించి చెప్పడానికి పెద్దగా కష్టాల్లేవు. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా డెబ్బై కిలోమీటర్ల చిల్లర. రోజూ తిరగలేక తిరుపతి కొర్లగుంటలో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. చదువుకున్న యూనివర్సిటీ గేటులోంచి మళ్ళీ లోపలికి నడుస్తుంటే మనసు నిండింది. క్లాసులు, ప్రాజెక్టు, పరీక్ష, అన్నీ శ్రద్ధగా చేస్తే అయిపోయేవే. మొదటి రోజు పరిచయాల్లో నేను లైబ్రేరియన్‌నని చెబితే అక్కడ ఒక్కరూ వింతగా చూడలేదు.

మైక్రో టీచింగ్ అని ఒకటుంది, అందరి ముందూ పది నిమిషాలు పాఠం చెప్పాలి. నేను పుస్తకం వీపు మీద ఉండే నంబరు ఎంచుకున్నాను. పుస్తకాలను విషయాల వారీగా నంబర్లతో సర్దే డ్యూయీ పద్ధతిలో 800 సాహిత్యం, 894.827 తెలుగు సాహిత్యం, పక్కనే 894.811 తమిళం. ఈ లెక్క తెలిస్తే ఏ లైబ్రరీకి వెళ్ళినా ఎవరినీ అడక్కుండా తెలుగు అర దగ్గరికి నడిచి వెళ్ళొచ్చని బోర్డు మీద వేసి చూపించాను. పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్న ఒక బోటనీ మేడమ్ లేచి, ఆ నంబరుకి అర్థం ఉంటుందని ఇవాళే తెలిసిందన్నారు. భోజనాల దగ్గర ఎనిమిది మంది నా చుట్టూ చేరారు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ కాలేజీల కోసం నడిపే ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ సేవలో కాలేజీకి సభ్యత్వం ఉంటే ఇంట్లో కూర్చునే ఈ-జర్నల్స్, ఈ-పుస్తకాలు చదవొచ్చని చెప్పాను. సగం మందికి తమ కాలేజీకి అది ఉందో లేదో కూడా తెలీదు. అదే సాయంత్రం ఇద్దరు వాళ్ళ లైబ్రేరియన్లకి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగారు. చివర్లో నాకు 'ఎ' గ్రేడ్ వచ్చింది. గర్వంగానే చెబుతున్నాను.

నెల రోజులు బయటికి వెళ్ళే వీలు లేనివాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లో కోర్సులు చూడండి. జనవరిలో ఒక విడత, జూలైలో ఒక విడత మొదలవుతాయి. చదవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్ళి పరీక్ష రాయాలి. ల్యాబ్ అసిస్టెంట్లు, ఆఫీసు స్టాఫ్ కూడా చేరవచ్చు, ఎవరి ఎన్‌ఓసీ అక్కర్లేదు. అయితే ఏ కోర్సు మీ ప్రమోషన్‌కి లెక్కకొస్తుందో రెగ్యులేషన్స్ మీరే చదివి చూసుకోండి, ఆఫీసులో అడిగి నమ్మొద్దు.

తిరిగొచ్చి జాయినింగ్ రిపోర్ట్, సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చాక కూడా సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీకి పన్నెండు రోజులు పట్టింది. సర్టిఫికెట్‌లో ఫ్యాకల్టీ అని ఉంది, మీరు ఫ్యాకల్టీ కాదు కదా అని మళ్ళీ అదే మాట. మళ్ళీ ఉత్తరం, మళ్ళీ రెండు కాపీలు, మళ్ళీ స్టాంపు. నిన్న నాలుగున్నరకి పిలిచారు. నా ముందే రాయించి, ప్రిన్సిపాల్ సంతకం అయ్యేదాకా ఉండి, పేజీ నంబరు నా డైరీలో రాసుకున్నాను.

లైబ్రరీ తలుపు పక్కన ఇప్పుడు ఒక చెక్క బోర్డు పెట్టించాను. వారానికోసారి పోర్టల్ చూసి, కొత్త ప్రోగ్రాములు, చివరి తేదీలు ప్రింట్ తీసి గుచ్చుతున్నాను. టీచింగ్, నాన్‌టీచింగ్ అని విడదీయకుండా అందరికీ ఒకే బోర్డు. ఇవాళ పొద్దున కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్ దాని ముందు నిలబడి ఫోన్‌లో ఫోటో తీసుకుంటున్నాడు. ఏ కోర్సని అడిగితే కంప్యూటర్ కోర్సు చూపించి, "నేను చేరొచ్చా అక్కా?" అన్నాడు. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, అక్కడే రిజిస్ట్రేషన్ చేయించాను.