షోలాపూర్‌లో స్టెప్నీకి చోటు

మోహోళ్ దాటి కాస్త ముందుకొచ్చామో లేదో, ట్రైలర్ ఎడమ టైరు పేలింది. పుణె నుంచి హైదరాబాద్‌కు 65వ నంబరు జాతీయ రహదారి మీద వస్తున్నాం. జీపు వెనక తొమ్మిది మీటర్ల మూతపెట్టె. అందులో రెక్కలు ఊడదీసి సర్దిన గ్లైడర్, అంటే ఇంజను లేకుండా గాలిలో తేలే చిన్న విమానం. రెక్కలు తొడిగితే ఈ చివరి నుంచి ఆ చివరికి 15 మీటర్లు ఉంటుంది. మిత్రుడు దాన్ని ఒక కాలేజీ పిల్లలకు చూపించాలని తీసుకెళ్తున్నాడు.

టైరు మీది గాడులు చూస్తే కొత్తదానిలాగే ఉన్నాయి. పక్కగోడ మీద మాత్రం సన్నని పగుళ్లు. అక్కడే అచ్చొత్తిన నాలుగంకెలు చదివాను: 1409. అంటే 2009లో 14వ వారం తయారైన టైరు. ట్రైలర్ టైరు తిరిగి అరగదు, నిలబడి ముసలిదవుతుంది. బయల్దేరే ముందు చూడాల్సింది గాడులను కాదు, ఆ అంకెలను.

స్టెప్నీ ఉంది. కానీ అది ట్రైలర్ ముక్కులో, రెక్కల కొసలకూ గ్లైడర్ తోకకూ ముందు, తాడుతో కట్టి ఉంది. తలుపేమో వెనక ఒక్కటే. రెండు రెక్కలూ బయటికి తీస్తే గాని లోపలికి మనిషి దూరడానికి సందు లేదు.

పక్కనే ఉన్న ధాబా ఆవరణలోకి మెల్లగా లాగించాం. ఒక్కో రెక్క అరవై కిలోలకు పైనే ఉంటుంది. బరువంతా మొదట్లోనే, కొసన ఏమీ ఉండదు. అసలు భయం బరువుతో కాదు, గాలితో. మార్చి మధ్యాహ్నపు వడగాలి ఒక్కసారి అడుగున దూరిందంటే, నేల మీదున్నా రెక్క రెక్కే, లేస్తుంది. ధాబా యజమాని నాలుగు షోలాపూర్ దుప్పట్లు తెచ్చి పరిచి, తన పనివాళ్లను చెరో కొసన కూర్చోబెట్టాడు. ఆ మేలు నేను మరిచిపోను. చక్రం మార్చడానికి పావుగంట పట్టింది. రెక్కలు తీసి, మళ్లీ సర్దడానికి మూడు గంటలు.

పేలిన చక్రాన్ని ఈసారి చేతికందేలా వెనక తలుపు దగ్గరే పెట్టాం. అరవై వేగం అందుకోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. అద్దంలో పెట్టె అటూ ఇటూ వాలుతుంటే గుండె గొంతులోకొచ్చింది. నలభై మించకుండా షోలాపూర్ చేరాం.

ఊళ్లో వెల్డింగ్ షాపు కోసం నాకొచ్చిన ముక్కల మరాఠీలో అడుగుతుంటే, షాపాయన మా నంబరు ప్లేటు చూసి, "మీరు హైదరాబాదోళ్లా సార్? మాది గూడ అటు దిక్కే, తాతల కాలంల వచ్చినం" అన్నాడు. తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలు ఇక్కడ వీధులకు వీధులే ఉన్నారు. ఆయన ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి, "స్టెప్నీని ఎన్క వెట్టిండ్రేంది? తోక ఊగదా మరి?" అన్నాడు.

లెక్క వేసుకుంటే ఆయన మాటే నిజం. ఇరుసుకూ జీపు కొక్కేనికీ మధ్య ఐదు మీటర్లు. పదిహేను కిలోల చక్రం ఇరుసుకు నాలుగు మీటర్లు ముందుంటే కొక్కెం మీద 12 కిలోలు మోపుతుంది. రెండు మీటర్లు వెనకుంటే ఆరు కిలోలు పైకెత్తేస్తుంది. అంటే చోటు మార్చినందుకే 18 కిలోల తేడా. తూకం పెట్టి చూస్తే కొక్కెం మీద 30 కిలోలే ఉంది, అంతకుముందు 48 ఉండి ఉండాలి. ముందు భారం తగ్గితే ట్రైలర్ ఊగుతుంది.

బరువు ముందుండాలి, చెయ్యేమో బయటి నుంచే అందాలి. ముక్కు దగ్గర పక్కగోడకు చిన్న తలుపు పెట్టిద్దాం అన్నాను. చక్రం అడ్డకొలత అరవై సెంటీమీటర్లు కాబట్టి అంత చదరం కోస్తే గోడ బలం పోతుందని నా దిగులు. ఆయన నవ్వి, చక్రాన్ని నిలబెట్టి చూపించాడు. మందం పదహారున్నర సెంటీమీటర్లే. "నిలువుగ సందు వెడితె సాలు సార్, నాడె పోయినట్టు పోతది." అరవై అయిదు ఎత్తు, పాతిక వెడల్పు. నాడె అంటే మగ్గంలో దారాల మధ్య అటూ ఇటూ దూరే పనిముట్టు. ఆ మాట నేత ఇంట్లో పుట్టినవాడికే తోస్తుంది.

నిప్పురవ్వ ఒక్కటి పడినా ఫైబర్ రెక్క మిగలదు. అందుకని గ్లైడర్‌ను ముందే పక్కనున్న దుప్పట్ల గోదాములోకి చేర్చాం. చక్రం నిలబడే ఇనప చానెల్‌ను బయటే వెల్డింగ్ చేసి, లోపల బోల్టులతో బిగించాడు. గోడ రేకుకు కాదు, నేలనున్న రెండు అడ్డదూలాలకు. గుంతల్లో చక్రం ఎగిరే దెబ్బకు రేకు చిరుగుతుంది, దూలం చిరగదు. చక్రం మధ్య రంధ్రంలోంచి ఒకే పెద్ద బోల్టు, చేత్తో తిప్పే చెవుల నట్టు, అది వదులైతే ఆపడానికి ఒక పట్టీ, అడుగున పాత ట్యూబు ముక్క. బోల్టు కొస రెక్కకు తగలకుండా కోయించాను. కొత్త టైర్లు రెండు కొన్నాం, నాలుగంకెలు చదివి మరీ.

మర్నాడు నల్‌దుర్గ్ కోట వైపు తిరగకుండానే సాగిపోయాం. ఎనభైలోనూ పెట్టె గీత గీసినట్టు వచ్చింది. ఉమర్గా దాటాక చెట్టు నీడన ఆపి, చిన్న తలుపు తెరిచాను. నట్టు పావు చుట్టు వదులైంది. పట్టీ విప్పి చక్రాన్ని నిలువుగా బయటికి లాగాను, తిరిగి లోపలికి తోశాను. రెక్క కొస జానెడు దూరంలో కదలకుండా ఉంది. నట్టు గట్టిగా బిగించి, జహీరాబాద్ వైపు బయల్దేరాం.