పెంటకుప్పలో దేవత

ముప్పై ఏళ్ళు వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యాను. నన్ను మ్యూజియంకు తీసుకెళ్ళినా కళ్ళు ఎరువు మీదికే పోతాయి.

ఇంగ్లండులో అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నప్పుడు కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంకు వెళ్ళాం. టికెట్ లేదు. గ్రీకు గదిలో పైభాగం మాత్రమే మిగిలిన పెద్ద పాలరాతి స్త్రీ విగ్రహం ఉంది. ముఖం చెక్కుకుపోయింది. నెత్తిన గంప లాంటిది, దాని మీద గోధుమ కంకి.

ఎడ్వర్డ్ క్లార్క్ అనే ఆయన 1801లో ఏథెన్స్ దగ్గరి ఎల్యూసిస్ నుంచి దీన్ని పట్టుకొచ్చాడు. ఆ ఊరివాళ్ళు అప్పటికి ఎప్పుడో క్రైస్తవులయ్యారు. అయినా విగ్రహం చుట్టూ మెడ దాకా పెంట పోసి, మా పంటలు ఈమె చలవే అనేవాళ్ళు. నిజానికది గుడి ద్వారం కప్పును మోసిన బొమ్మ, దేవత కాదు. వాళ్ళకు మాత్రం పాత గ్రీకుల పంటల దేవత డిమీటరే. పంటనిచ్చే తల్లికి పెంట కంటే మంచి నైవేద్యం ఏముంటుంది? తరలించబోయే ముందు ఒక ఎద్దు కాడి తెంచుకుని వచ్చి విగ్రహాన్ని కుమ్మి, రంకెలేస్తూ పరిగెత్తిందట. ఓడ మునుగుతుందన్నారు ఊరివాళ్ళు. 1802లో ఇంగ్లండు తీరాన బీచీ హెడ్ దగ్గర మునిగింది కూడా. విగ్రహం దక్కింది.

అమ్మాయి ఒక సందేహం అడిగింది: "భూదేవి గాయా కదా నాన్నా, మరి డిమీటర్ ఎవరు?"

గాయా మట్టి. దున్నని, ఎవరి పేరా పట్టా లేని నేల. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ లెక్కలో కేయాస్ అనే ఆదిశూన్యం తర్వాత పుట్టింది ఆమే. మగతోడు లేకుండానే ఆకాశాన్ని, కొండల్ని, సముద్రాన్ని కన్నది. కొడుకు క్రోనస్ చేతికి కొడవలిచ్చి, తనకు మొగుడైన ఆ ఆకాశం మీదికే పంపింది. మనవడు జ్యూస్‌ను దాచి కాపాడిందీ ఆమే, అతను దేవతల రాజయ్యాక అతని మీదికి టైఫాన్ అనే రాక్షసుణ్ణి కని వదిలిందీ ఆమే. డిమీటర్ ఆమె మనవరాలు. ఈమెది దున్నిన పొలం.

డిమీటర్ మీద ఉన్న ప్రాచీన గ్రీకు స్తోత్రంలో నన్ను కలవరపెట్టిన చోటు ఒకటుంది. డిమీటర్ కూతురు పెర్సెఫొని పూలు కోస్తుంటే, వంద తలలతో పూసిన నార్సిసస్ కనిపిస్తుంది. కోయబోతే నేల చీలి పాతాళపు రాజు హేడీస్ రథం పైకొస్తుంది. ఆ పువ్వును ఎరగా పూయించింది గాయానే! పిల్లకు స్వయానా ముత్తవ్వ. హేడీస్ మేనమామ. మేనరికం మనకు కొత్తేం కాదు గానీ, తల్లికి ఒక్క మాట చెప్పకుండా తండ్రి జ్యూస్ ఒప్పేసుకున్నాడు. (ఆ జ్యూస్ కూడా డిమీటర్ తమ్ముడే, ఆ గొడవ వదిలేద్దాం.)

డిమీటర్ ఏడ్చి ఊరుకోలేదు. విత్తనం మొలవనివ్వలేదు. మనుషులు పస్తులుంటే దేవుళ్ళకు బలులెక్కడివి? జ్యూస్ దిగొచ్చాడు. కానీ పిల్ల అప్పటికే పాతాళంలో దానిమ్మ గింజ తినేసింది, అందుకని ఏడాదిలో మూడోవంతు కిందే ఉండాలి.

ఆ నాలుగు నెలలు చలికాలమని అందరూ అంటారు. నా ఉద్యోగబుద్ధి ఒప్పుకోలేదు. గ్రీసులో బార్లీ మన రబీ లాంటిది. వానలు పడ్డాక అక్టోబరు, నవంబరుల్లో చల్లి, ఎండలు ముదిరేసరికి కోస్తారు. చలికాలంలో పొలం పచ్చగానే ఉంటుంది, బోసిపోయేది ఎండాకాలంలో. స్తోత్రంలో పిల్ల వసంతంలో పైకొస్తుందని ఉన్న మాట నిజమే. అయినా కొందరు పండితులు వేరే మాటన్నారు: ఆమె కింద ఉండేది, విత్తనపు గింజలు నేలలో దాచి ఉంచే ఎండాకాలంలోనట.

అంటే పాతర! మా తాత ఇంటి ముందు జొన్నల పాతర ఉండేది. మూత తీసిన రోజు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. లోపల గాలి ఉండదు, మనిషి దిగితే ప్రాణం పోతుందని భయం. తాడు కట్టి లాంతరు కిందికి వదిలేవాడు. అది ఆరకుండా ఉంటేనే జీతగాణ్ణి దిగమనేవాడు.