విజయవాడలో ఒక్క పగలు: సంచులు క్లోక్ రూమ్‌లో, రసీదు జేబులో

ఉదయం విజయవాడలో దిగి రాత్రి ఇంకో రైలు ఎక్కాల్సిన వాళ్లకు మధ్యలో పన్నెండు గంటల పైనే దొరుకుతాయి. దుర్గమ్మ దర్శనం, ప్రకాశం బ్యారేజీ, ఉండవల్లి గుహలు, బందరు రోడ్డులో మ్యూజియం... ఈ నాలుగింటికీ ఆ సమయం చాలు. చక్రాల సూట్‌కేసు వెంట ఉంటే మాత్రం ఒక్కటీ తీరిగ్గా చూడలేం. గుడిది కొండ, గుహలవి మెట్లు. అందుకే నా రోజు స్టేషన్లో సామాను దాచిపెట్టే క్లోక్ రూమ్ దగ్గర మొదలై, మళ్లీ అక్కడే ముగిసేలా పెట్టుకున్నాను.

రైలు దిగగానే నేరుగా కౌంటర్‌కి పరిగెత్తకూడదు. ముందు వెయిటింగ్ హాల్లో స్నానం, బట్టలు మార్చుకోవడం, ఫోన్ ఛార్జింగ్ అన్నీ కానిచ్చుకోవాలి. సంచి ఇచ్చేశాక ‘ఒక్క నిమిషం, తువ్వాలు తీసుకుంటాను’ అంటే కుదరదు. రసీదు వెనక్కిచ్చి సంచి విడిపించుకోవడం, మళ్లీ పెడితే మళ్లీ డబ్బు కట్టడం తప్పదు. స్నానమప్పుడే గుడికి వేసుకెళ్లే బట్టలు కట్టేసుకోవడం మేలు. ఇంద్రకీలాద్రి మీద సంప్రదాయ దుస్తులు అడుగుతారు. జీన్సు, టీషర్టులతో ఉన్నవాళ్లు పంచెనో చుడీదారునో సూట్‌కేసు అడుగునే వదిలి వస్తే కొండ కింద కొత్తవి కొనుక్కోవాల్సిందే.

బయటికి తీసి పెట్టుకోవాల్సినవి: మందులు, పవర్ బ్యాంకు, ఛార్జర్, అసలు గుర్తింపు కార్డు, డబ్బు, నగలు, నీళ్ల సీసా, ఎండాకాలమైతే టోపీ. ల్యాప్‌టాప్ విషయంలో నాది మొండి పట్టు, క్లోక్ రూమ్‌లో పెట్టను. సంచుల్ని అరల్లో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. మెత్తటి సంచిలో ఉన్న ల్యాప్‌టాప్ మీద ఇంకొకరి బియ్యం మూట లాంటి బరువు పడొచ్చు. తిండి పదార్థాలు కూడా తీసేయాలి. అరటిపళ్లు, పెరుగన్నం, ఊరగాయ జాడీ ఉన్నాయని తెలిస్తే కౌంటర్లో వద్దంటారు. కారణం వాసన ఒక్కటే కాదు, ఎలుకలు కూడా.

ఇక తాళం. ఎక్కువమంది వెనక్కి తిరగాల్సి వచ్చేది ఇక్కడే. తాళం లేని సంచి తీసుకోరు. సూట్‌కేసుకి నంబరు తాళం ఉంటే బాధ లేదు. బ్యాక్‌ప్యాక్‌కి మాత్రం పెద్ద అర జిప్పుకి రెండు లాగుడు ముక్కలు ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. ఆ రెండింటి రంధ్రాల్లోంచి చిన్న తాళం దూరాలి. ఒకే ముక్క ఉన్న జిప్పుకి తాళం వేసినా అది ఆపేదేమీ లేదు. పైన తాడు బిగించి మూత వేసే ట్రెక్కింగ్ సంచులకు తాళం వేసే చోటే ఉండదు. వాటిని జిప్పున్న పెద్ద సంచిలో దింపి తాళం వేయడం ఒక్కటే దారి. చేతి సంచులు, ప్లాస్టిక్ కవర్లు, తాడు కట్టిన అట్టపెట్టెలు ఒప్పుకోరు. పక్క జేబులకి తాళం ఉండదు కాబట్టి వాటిలో ఏదీ మిగల్చకూడదు. తాళం మరిచిపోతే స్టేషన్లో గొలుసులు, తాళాలు అమ్మేవాళ్లు ఉంటారు. అవి గట్టివేం కావు గానీ కౌంటర్ దాటడానికి సరిపోతాయి.

ప్లాట్‌ఫాంలు పది, ప్రవేశాలు రెండు వైపులా. క్లోక్ రూమ్ ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు, అంటే ప్రధాన ద్వారం వైపు. రెండో వైపు తారాపేట. ఈ తేడా పొద్దున పట్టించుకోకపోయినా సాయంత్రం పట్టించుకోక తప్పదు, అక్కడికి వస్తాను.

కౌంటర్లో చూపించాల్సింది ప్రయాణ టికెట్. పొద్దున దిగిన రైలుదైనా, రాత్రి ఎక్కబోయే రైలుదైనా పనికొస్తుంది. ఆన్‌లైన్ టికెట్ అయితే ఫోన్లో పీఎన్‌ఆర్ చూపిస్తే రాసుకుంటారు. గుర్తింపు కార్డు కూడా అడుగుతారు. కొన్ని పెద్ద స్టేషన్లలో ముందు ఎక్స్‌రే యంత్రంలో పెట్టించి, అక్కడిచ్చే చీటీ అంటించుకుని వస్తేనే సంచి తీసుకుంటారు. వరుసలో నిలబడే ముందే ముందున్న వాళ్ల సంచుల మీద చీటీ ఉందో లేదో ఒకసారి చూస్తే సరిపోతుంది. సంచికి ఒక చీటీ కట్టి, అదే నంబరుతో రసీదు ఇస్తారు. రసీదు మీద చదువుకోవాల్సినవి మూడు: ఎన్ని సంచులు అని రాశారు, ఏ సమయం వేశారు, మీ పేరు సరిగ్గా ఉందా.

ఛార్జీ మనిషికి కాదు, సంచికి. 24 గంటల లెక్క. పెట్టిన సమయం నుంచి 24 గంటలు దాటితే రెండో రోజు ఛార్జీ పడుతుంది, పది నిమిషాలు దాటినా సరే. రేటు రైల్వే డివిజన్‌ని బట్టి మారుతుంది కాబట్టి వేరే ఊళ్లో కట్టిన రేటే ఇక్కడా ఉంటుందనుకోవద్దు. కౌంటర్ పక్కన బోర్డు ఉంటుంది, అది చూసి చిల్లర సిద్ధం చేసుకోవాలి. సంచికి ఇంత అని లెక్క కాబట్టి రెండు చిన్న సంచుల్ని ఒక పెద్దదాంట్లో దూర్చి ఇస్తే డబ్బూ తగ్గుతుంది, తాళమూ ఒక్కటే చాలు.

రసీదు ఫోటో తీసుకోవాలి. కానీ ఫోన్ మీదే పూర్తిగా ఆధారపడొద్దు. దుర్గ గుడిలోకి ఫోన్ అనుమతి లేదు, కౌంటర్లో ఇచ్చి వెళ్లాలి. చెప్పులకో చోటు, ఫోన్‌కో చోటు, చేతి సంచికో చోటు, ప్రతిదానికీ ఒక టోకెన్. ఈ టోకెన్ల గుంపులో రైల్వే రసీదు కలిసిపోకుండా దాన్ని గుర్తింపు కార్డుతో కలిపి పర్సులో విడిగా ఉంచాను. ఒకవేళ పోతే సంచి పోయినట్టు కాదు. గుర్తింపు కార్డు చూపించి, లోపల ఏమేం ఉన్నాయో చెప్పి, పూచీ రాసిచ్చి తీసుకోవచ్చు. కానీ ఆ రాతకోతలకు పట్టే సమయం రాత్రి రైలు ముందు దొరకదు.

గుడికి పొద్దున్నే వెళ్లడం తెలివైన పని. ఘాట్ రోడ్డు మీదుగా వెళ్లొచ్చు, లేదా అర్జున వీధి వైపున్న మహామండపం నుంచి మెట్లో లిఫ్టో ఎక్కొచ్చు. మధ్యాహ్నం నివేదన వేళ దర్శనం కాసేపు ఆపుతారు, అప్పుడు వరుసలో చిక్కుకుంటే గుహలు వదులుకోవాల్సిందే. శుక్రవారాలు, దసరా, మార్గశిరంలో భవానీ దీక్షల విరమణ రోజులు ఈ ఒక్క పగటి యాత్రకు పనికిరావు. దసరాలో మూలా నక్షత్రం రోజు అయితే స్టేషన్లోనే కదలడం కష్టం. ప్రసాదం లడ్డూలు కొంటే రోజంతా చేతిలోనే ఉంటాయని లెక్కేసుకుని కొనండి.

కొండ దిగాక బ్యారేజీ దగ్గరే. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు 1.2 కిలోమీటర్ల పైచిలుకు. పెద్ద బండ్లను రానివ్వరు కాబట్టి ఆటోనే. ఉండవల్లికి ఆటో మాట్లాడుకునేటప్పుడు రానూ పోనూ, అక్కడ గంట ఆగేలా మాట్లాడుకోవాలి. గుహల దగ్గర తిరుగు ఆటో దొరికినా ధర వాళ్లు చెప్పిందే. నాలుగంతస్తుల గుహ, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన విష్ణుకుండిన రాజుల కాలంతో ముడిపెట్టి చెబుతారు. పైన శయనించిన అనంతపద్మనాభుడి విగ్రహం ఒకే రాతిలో మలిచింది, సుమారు 5 మీటర్ల పొడవు. లోపల వెలుగు తక్కువ, మెట్లు ఎత్తు. ఇక్కడే అర్థమవుతుంది సంచి స్టేషన్లో ఎందుకు వదిలామో. మే నెలలో పదకొండు దాటితే రాయి కాళ్లను మాడుస్తుంది.

భోజనం అయ్యాక ఎండ వేళ మ్యూజియంకి సరిపోతుంది. 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనం, ఇప్పుడు బాపు మ్యూజియం. 1921లో గాంధీ వచ్చిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగింది ఇక్కడే, పింగళి వెంకయ్య జాతీయ జెండా నమూనా ఇచ్చిందీ అప్పుడే. కొండపల్లి కోట కూడా చూద్దామని ఆశపడేవాళ్లకు నా సలహా, వద్దు. అది ఇరవై కిలోమీటర్ల దూరం, ఘాట్ రోడ్డు, సగం రోజు పని. కొండపల్లి బొమ్మలు కావాలంటే విజయవాడలోనే దొరుకుతాయి. పొణికి కర్రవి కాబట్టి తేలిక, కానీ చేతులూ తోకలూ విరుగుతాయి. కొన్నవాటిని అట్టపెట్టెలో పెట్టించుకుని సంచి తీసుకున్నాక పైన సర్దుకోవాలి.

తిరిగి స్టేషన్‌కి రావడానికి రైలు సమయానికి గంట ముందు లెక్కేసుకోండి. ఆటోవాళ్లు కొండ వైపు నుంచి వస్తే తారాపేట వైపు దింపేస్తారు, దగ్గర కాబట్టి. అప్పుడు వంతెన మీద ప్లాట్‌ఫాంలన్నీ దాటి ఒకటో నంబరు వైపు రావాలి, సంచి తీసుకుని మళ్లీ అదే వంతెన ఎక్కాల్సి రావచ్చు. ‘ఒకటో నంబరు వైపు’ అని ముందే చెప్పాలి. సాయంత్రం కౌంటర్లో పెట్టేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఒకే వరుసలో ఉంటారు. ఒక్కో సంచి కోసం మనిషి లోపలికి వెళ్లి వెతకాలి, డ్యూటీ మారే వేళైతే ఇంకాస్త ఆగాలి. నలుపు సంచులు అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి పిడికి ఒక రంగు రిబ్బనో ఎర్ర గుడ్డముక్కో కట్టి ఉంటే పని త్వరగా అవుతుంది. చేతికి రాగానే చీటీ నంబరు, తాళం, జిప్పు అక్కడే చూసుకోవాలి. కౌంటర్ వదిలాక చెప్పే ఫిర్యాదుకి బలం ఉండదు.

పగలంతా పడుకోవడానికి చోటు కూడా కావాలంటే రిటైరింగ్ రూమ్ ఉంది. దానికి కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్ ఉండాలి, ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి. పిల్లలు, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు అదే నయం. రాత్రి ప్రయాణం బస్సులో అయితే స్టేషన్లో సంచులు పెట్టడం దండగ, పండిట్ నెహ్రూ బస్టాండులోనూ క్లోక్ రూమ్ ఉంది.

సంచి విడిపించే ముందు చేయాల్సిన పని ఒకటుంది: రాత్రి రైలు ఎక్కడుందో ఫోన్లో చూడటం. రెండు గంటలు ఆలస్యమని తెలిస్తే రసీదు ఇవ్వకుండా వెనక్కి తిరిగి టిఫిన్‌కి వెళ్లొచ్చు. కట్టిన 24 గంటల్లో ఇంకా బోలెడు మిగిలే ఉంటాయి.