సంతకం సరిపోలేదు

మంగళవారం, రాత్రి పదిన్నర

ఇవాళ పెట్టుకున్న పని ఒక్కటే. అదీ కాలేదు.

నాన్న పేరు మీదున్న డిపాజిట్ గడువు తీరింది. పొడిగించాలంటే ఒక ఫారం, దాని మీద ఒక సంతకం. ఇంతేగా అని బయల్దేరాం. అయినా లెక్కలేసుకునే వెళ్లాం. నాన్నకి పార్కిన్సన్స్ జబ్బు. దానికి వేసే పది గంటల లీవోడోపా మాత్ర పడ్డాక, ఓ ముప్పావు గంటకి నాన్న కాళ్లూ చేతులూ ఆయన మాట వినడం మొదలుపెడతాయి. రెండు గంటలు బాగుంటుంది. ఆ తర్వాత మందు దిగిపోతుంది, మనిషి మళ్లీ బిగుసుకుపోతాడు. మా ఇంట్లో ఏ పనైనా ఆ రెండు గంటల్లో ఇమడాలి. పదకొండున్నరకల్లా సంతకం అయిపోవాలన్నది నా ప్లాను. మా టోకెన్ నంబరు పిలిచేసరికి ఒంటిగంట దాటింది.

మొదటి సంతకం. కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్ తెరకేసి చూశాడు, కాగితంకేసి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. రెండోది. మళ్లీ అంతే. మూడోది రెండోదానికన్నా చిన్నదై, చివరి అక్షరం చుక్కలా మిగిలింది.

"పెద్దాయనకి చెయ్యి వణకట్లేదు కదండీ. కాస్త కుదురుగా పెట్టమనండి," అన్నాడు.

అప్పుడు నోరు తెరవలేదు. ఇంటికొచ్చాక నాలుగుసార్లు జవాబు చెప్పాను, గోడకి. ఈ జబ్బు వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వస్తుంది. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంటే బొటనవేలు చూపుడువేలి మీద మాత్ర నలుపుతున్నట్టు ఆడుతుంది, సెకనుకి నాలుగు నుంచి ఆరుసార్లు. పెన్ను పట్టుకోగానే చాలామందిలో అది తగ్గిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. అంటే ఆ అబ్బాయికి కనిపించింది నిజమే, దాంతో అతను కట్టిన లెక్కే తప్పు. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు ఈ జబ్బు గురించి మొదటిసారి వివరంగా రాసినప్పుడు ఆరుగురి సంగతి చెప్పాడు. వాళ్లలో కొందరు ఆయన వీధిలో చూసినవాళ్లేనట. రోడ్డు మీద నడిచే మనిషిని చూసి అంత పట్టుకున్నాడే! కౌంటరుకి ఇవతల కూర్చున్నవాళ్లని ఎవరు అంతలా చూస్తారు.

"లోపల ఆఫీసరు గారిని కలవండి," అన్నారు. ఆ గదికి ఇరుకు గుమ్మం. నాన్న అక్కడ ఆగిపోయాడు. అడుగు నేలకి అతుక్కుపోయినట్టే. వెనక ఎవరో "జరగండి, జరగండి" అంటున్నారు. ఆ మాటతో ఇంకా బిగుసుకుపోతాడు. నేను నా కాలు ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టి, "దాటు నాన్నా" అన్నాను. దాటాడు. అంతే, తర్వాత నడక మామూలే. మొదటిసారి ఫిజియోథెరపిస్టు ఈ చిట్కా చూపించినప్పుడు నేను నమ్మలేదు. వట్టి నేల మీద వెయ్యలేని అడుగు, అడ్డం ఉంటే ఎలా వేస్తాడు? తనంతట తాను కదలిక మొదలుపెట్టడానికి కావలసిన తోపు మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా నుంచి రావాలి, అక్కడే డోపమిన్ అనే రసాయనం కొరత. కంటికి ఒక గీతో అడ్డమో ఆనితే మెదడు ఇంకో దారిన పని కానిస్తుంది. ఇంట్లో వంటగది గుమ్మం ముందు రంగు టేపు ముక్కలు అతికించాం అందుకే. చుట్టాలొచ్చి అవేంటని అడుగుతుంటారు.

ఆఫీసరు గారు మర్యాదగానే మాట్లాడారు. డాక్టరు కాగితం తెమ్మన్నారు. లేదంటే పాత సంతకంలాగే పెట్టమన్నారు.

ఆటోలో నాన్న ఒక్క మాటే అన్నాడు. "ఎప్పటిలాగే పెట్టానే, తల్లీ."

ఆ మాట దగ్గరే ఇవాళంతా ఆగిపోయాను. ఎందుకంటే ఆయన అబద్ధం ఆడలేదు. ఆయన చేతికి అది మామూలు సంతకమే. గొంతు సంగతీ అంతే. రెండేళ్లుగా మాట లోపలికి పోతోంది, గట్టిగా మాట్లాడు నాన్నా అంటే, "మీ అందరికీ చెవుడొచ్చింది" అంటాడు. ఎంత కదిలితే ఎంత కదిలినట్టు అని లోపల ఒక కొలత ఉంటుంది కదా, ఆ కొలబద్దే కురచైపోయింది. కురచ కొలబద్దతో కొలుచుకుంటే అంతా సరిగ్గానే ఉంటుంది మరి.

సాయంత్రం నాన్న పడుకున్నాక పుస్తకాల బీరువా తీశాను. ఏ పుస్తకం కొన్నా మొదటి పేజీలో సంతకం పెట్టి కింద తారీఖు వెయ్యడం ఆయన అలవాటు. నేల మీద వరసగా పరిచాను. 1988లో సంతకం పేజీలో సగం ఆక్రమించి ఉంది, మొదటి అక్షరం తలకట్టు ఎగిరే పక్షిలాగా. 2005 వరకూ తేడా లేదు. 2013లో కొంచెం ఒదిగింది. 2015లో ఇంకొంచెం. 2017 నాటి పుస్తకంలో మొదటి అక్షరం పెద్దగా మొదలై, పోనుపోను సన్నగిల్లి, కుడివైపుకి మెట్లు దిగినట్టు ఉంది. డాక్టరు జబ్బు పేరు చెప్పింది 2019లో. ఈ పేజీలకి అంతకుముందే తెలుసు. మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమిన్ తయారుచేసే కణాలు చాలావరకు పోయాకగాని బయటికి ఏదీ కనపడదని డాక్టరు అన్నప్పుడు, మరి ముందే ఎలా తెలుస్తుందండీ అని అడిగాను. ఇదిగో, బీరువాలో ఉంది. అన్నట్టు, "ఈ మధ్య పూలకి వాసనే ఉండట్లేదు" అని నాన్న గొణిగింది కూడా ఆ రోజుల్లోనే. పూలని తిట్టుకున్నాం. వాసన పోవడం కూడా ఈ జబ్బుకి కొన్నేళ్ల ముందు వచ్చే గుర్తుల్లో ఒకటని తర్వాతెప్పుడో తెలిసింది.

ఇంకోటి కూడా కనిపించింది. ఎంత చిన్నదైనా అది ఆయన సంతకమే. ఆ తలకట్టు విరుపు, చివర్న వెనక్కి లాగే తోక, అన్నీ ఉన్నాయి, చీమంత అయ్యాయంతే. 1977లో మార్క్ రైబర్ట్ అనే పరిశోధకుడు ఒకే వాక్యాన్ని కుడిచేత్తో, ఎడమచేత్తో, పళ్ల మధ్య పెన్ను పట్టుకుని, చివరికి కాలికి కట్టుకుని కూడా రాసి చూపించాడు. అన్నిట్లోనూ చేతిరాత పోలిక తెలిసిపోతుంది. అంటే రాత వేళ్లలో లేదు. అక్షరం ఆకారం ఎక్కడో పైన ఉంటుంది, దాన్ని ఏ కండరాలు, ఎంత సైజులో రాయాలన్నది తర్వాతి సంగతి. నాన్నకి ఆకారం పోలేదు, సైజు పోయింది. బ్యాంకు తెరకి ఈ రెంటికీ తేడా తెలియదు.

నేను అలా నేల మీద కూర్చునుంటే మా బుజ్జిది హోంవర్కు పట్టుకొచ్చి పక్కన కూలబడింది. దానికి ఆరేళ్లు. దానిది నాన్నకి తలకిందుల బేరం: అక్షరాలు గీతల్లో ఇమడవు, పైకీ కిందకీ పొంగిపోతాయి. భుజం నుంచి రాస్తుంది, నాలుక బయటపెట్టి. ప్రతి వంకరనీ కంటితో చూసుకుంటూ, ఆగి, మళ్లీ కదులుతూ. పిల్లల్లో అదుపు ముందు భుజానికి, మోచేతికి, ఆఖరికి వేళ్లకి దిగుతుంది. చూసి దిద్దుకునేంత టైము లేకుండా చెయ్యి దానంతటది పరిగెత్తడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. నాలుగు గీతల కాపీ పుస్తకం ఎందుకిస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు. దానికి లోపల కొలత ఇంకా కుదరలేదు, అందుకని బయట గీతలు.

ఆ పుస్తకంలోంచే ఒక కాగితం చింపాను. (అది ఏడ్చింది. కొత్తది కొనిపెడతానన్నాను.)

ఏడున్నర మాత్ర పనిచెయ్యడం మొదలుపెట్టాక నాన్నని బల్ల దగ్గర కూర్చోబెట్టాను. "అక్షరాలు పై గీతకీ, కింది గీతకీ తగలాలి నాన్నా. మరీ పెద్దగా అయిపోయిందనిపించాలి నీకు." పెట్టాడు. తలకట్టు పైగీత దాటి ఎగిరింది. నేను 2005 పుస్తకం తెరిచి పక్కన పెట్టాను. నాన్న రెంటినీ చాలాసేపు చూశాడు.

"ఇదేంటే, గోడ మీద నినాదంలా ఉంది," అన్నాడు.

"అదే నీ సంతకం."

పన్నెండుసార్లు పెట్టించాను. గీతలున్నంతసేపూ బాగానే వచ్చాయి. తెల్లకాగితం ఇస్తే మొదటి మూడూ నిలబడ్డాయి, నాలుగోది మళ్లీ ఒదగడం మొదలుపెట్టింది. మాట్లాడిస్తూ రాయిస్తే మొదటిదే చిన్నదైపోయింది. అంటే కౌంటరు దగ్గర ఎవరూ ఆయన్ని పలకరించకూడదు, అది నేను చూసుకోవాలి.

ఎల్లుండి మళ్లీ వెళ్తాం. బ్యాంకు తెరిచే వేళకి మందు పనిచేస్తుండేలా పది గంటల మాత్ర ముందుకు జరపొచ్చా అని డాక్టరుకి మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. ఫారంలో సంతకం గడి మీద పెన్సిలుతో సన్నగా రెండు గీతలు గీశాను. సంతకం అయ్యాక చెరిపెయ్యాలి. ఇంట్లో ఉన్న ఒక్క రబ్బరూ బుజ్జిదాని పెట్టెలో ఉంది, అది నా మీద ఇంకా అలిగే ఉంది.