హార్మోన్ మాత్రలు, నాలుక మీద ఆగిపోయే మాటలు

రొమ్ము క్యాన్సర్‌కి ఐదేళ్లో పదేళ్లో హార్మోన్ మాత్ర వేసుకునేవాళ్లలో చాలామంది చెప్పే మాటే ఇది: తెలిసిన పేరే, నాలుక మీదే ఉంటుంది, బయటికి రాదు. అసలు కీమో తీసుకోనివాళ్లకీ ఇలా జరగొచ్చు.

ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ వచ్చి అతుక్కునే రిసెప్టర్లు రొమ్ములోనే కాదు, మెదడులోనూ ఉంటాయి, ముఖ్యంగా జ్ఞాపకాన్ని చూసుకునే హిప్పోకాంపస్‌లో. ఈ మాత్రల్లో ఒకటైన టామోక్సిఫెన్ (రోజూ 20 మి.గ్రా.) ఆ రిసెప్టర్లనే పట్టుకుంటుంది, మెదడులోకీ చేరుతుంది. రెండో రకం మాత్రలు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ అయితే ఈస్ట్రోజన్ తయారీకే అడ్డుపడతాయి. 2010లో వెలువడిన ఒక నెదర్లాండ్స్ అధ్యయనంలో, ఏడాది టామోక్సిఫెన్ వాడినవాళ్లు మాటలు గుర్తుంచుకునే పరీక్షల్లో ఆరోగ్యవంతుల కంటే వెనకబడ్డారు. ఎక్సెమెస్టేన్ వాడినవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. అలాగని అందరికీ ఇంతే అనుకోకూడదు, కొందరికి ఏ తేడా తెలియదు కూడా.

తారీఖు అడిగి, గడియారం గీయించే చిన్న పరీక్షలో ఇది దొరకదు. అది డిమెన్షియా కోసం పెట్టింది. మాటల జాబితా వినిపించి అరగంటకు మళ్లీ అడగడం, ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో చెప్పించడం లాంటివి కావాలి. సొంతంగా రాని మాటని ఎవరైనా అందిస్తే వెంటనే "ఆ, అదే" అంటున్నారంటే మాట పోలేదు, వెతకడం నెమ్మదించిందంతే.

నేరం మొత్తం మాత్ర మీదికి నెట్టే ముందు నిద్ర సంగతి చూడాలి. రాత్రి వేడి ఆవిర్లతో పదేపదే లేచేవాళ్లకి పగలు మాటలు తడబడటం వింతేం కాదు. థైరాయిడ్, బి12, రక్తహీనత, డిప్రెషన్ కూడా చూపించుకోవాలి. రెండు వారాలపాటు ఏ పూట ఏ మాట ఆగింది, ముందురాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టింది అని రాసి తీసుకెళ్తే, "మతిమరుపండీ" అనడం కంటే డాక్టరుకి ఎంతో పనికొస్తుంది.

ఆవిర్లకి ఇచ్చే మందుల్లోనూ చిక్కుంది. ఆక్సిబ్యూటినిన్ ఆవిర్లు తగ్గిస్తుంది కానీ జ్ఞాపకాన్ని మందగింపజేయొచ్చు. పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందులైతే, టామోక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. అందుకే టామోక్సిఫెన్ వాడేవాళ్లకి చాలామంది డాక్టర్లు వెన్లాఫాక్సిన్ వైపు మొగ్గుతారు.

మాత్ర సొంతంగా మానేయొద్దు, క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. నెలసరి పూర్తిగా ఆగినవాళ్లకి టామోక్సిఫెన్ నుంచి రెండో రకానికి మార్చే వీలుంటుంది, అది అడగండి. మాట ఉన్నట్టుండి ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యి లేవకపోయినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. టామోక్సిఫెన్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.