ఒక మార్కు ప్రశ్న

పదో తరగతి విసర్జన పాఠంలో వాసోప్రెసిన్ దగ్గరికి వచ్చినప్పుడల్లా, ఆ హార్మోను లోపిస్తే అతిమూత్ర వ్యాధి వస్తుందని చెప్పి, ఒక మార్కు ప్రశ్నగా గుర్తు పెట్టించి ముందుకు వెళ్ళిపోయేదాన్ని. పద్నాలుగేళ్ళు అలాగే చెప్పాను. ఆ జబ్బు నాకే వస్తే గుర్తుపట్టడానికి మూడు నెలలు పట్టింది.

మొదలైన రోజు కూడా దాదాపు చెప్పగలను. సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం. అంత చలిలోనూ ఫ్రిజ్‌లో నీళ్ళే కావాలనిపించేది. మామూలు నీళ్ళు ఎన్ని తాగినా తాగినట్టే ఉండేది కాదు. రాత్రి ఆరేడుసార్లు లేవడం, వెళ్ళి రావడం, మళ్ళీ చెంబెడు తాగి పడుకోవడం. మా బడిలో ఆడవాళ్ళకు ఉన్నది ఒకటే మరుగుదొడ్డి, అదీ మైదానం అవతల. పాఠం మధ్యలో లీడరుకు తరగతి అప్పగించి పరుగెత్తేదాన్ని.

‘‘షుగరేమో చూపించుకోమ్మా’’ అన్నారు అందరూ. మూడుసార్లు చూపించుకున్నాను. పరగడుపున 92. ‘‘జబ్బేమీ లేదు, నీళ్ళు తాగడం అలవాటైపోయింది, తగ్గించండి’’ అన్నారొక డాక్టరు. అత్తయ్య ఆ మాట పట్టుకుని ఫ్రిజ్‌లో సీసాలు తీసేయించారు. నేనూ పంతం పట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం దాకా చుక్క ముట్టలేదు. నాలుక అంగిటికి అంటుకుపోయింది. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తులేక రెండోసారి వేశాను. మూత్రం మాత్రం ఆగలేదు. తాగినందువల్లే వస్తుంటే, తాగకపోతే ఆగాలి కదా! జీవశాస్త్రం టీచరునై ఉండీ ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌లో ఎవరో పిల్లల జవాబు పత్రంలో, గుండ్రటి అక్షరాలతో: ‘వాసోప్రెసిన్ లోపించిన పలుచని మూత్రం అధికంగా వచ్చును.’ మార్కు వేసి, కలం అలాగే పట్టుకుని కూర్చున్నాను.

హార్మోన్ల జబ్బులు చూసే డాక్టరు (ఎండోక్రినాలజిస్టు) ముందుగా ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టుకురమ్మన్నారు. అయిదు లీటర్ల డబ్బాలు రెండు తీసుకెళ్ళాను. మొత్తం 9.4 లీటర్లు. పక్కన మంచినీళ్ళ డబ్బా పెడితే తేడా తెలియనంత తెల్లగా ఉంది. తర్వాత నీళ్ళు ఆపి చేసే పరీక్ష. ఉదయం ఏడింటి నుంచి తాగడానికేమీ లేదు. గంటకోసారి బరువు, మూత్రం, మధ్యమధ్య రక్తం. నేను కుళాయి తిప్పకుండా ఒక నర్సు బాత్‌రూమ్ తలుపు దగ్గరే నిలబడింది. పదకొండున్నరకు 58 కిలోల దాన్ని 56.2 అయ్యాను. రక్తంలో సోడియం 147, ఉండాల్సింది 135 నుంచి 145. మూత్రం అప్పటికీ నీళ్ళలాగే ఉంది. అక్కడితో ఆపి, వాసోప్రెసిన్‌లాగే పనిచేసే డెస్మోప్రెసిన్ అనే మందు ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రం మూత్రానికి పసుపు రంగు వచ్చింది. మూడు నెలల తర్వాత! చూపించడానికి మా వారిని లోపలికి పిలిచాను. ఆయన సిగ్గుపడి రాలేదు.

నేను బోర్డు మీద గీసే బొమ్మనే డాక్టరు కాగితం మీద గీశారు. మెదడు అడుగున హైపోథాలమస్ దగ్గర రక్తం చిక్కదనాన్ని కనిపెట్టే కణాలు ఉంటాయి. ఒకటి రెండు శాతం చిక్కబడినా చాలు, ఒకవైపు దాహం పుట్టిస్తాయి, ఇంకోవైపు పీయూష గ్రంథి వెనక భాగం నుంచి వాసోప్రెసిన్‌ను వదిలిస్తాయి. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసి, అందులో చాలా భాగం మామూలుగానే వెనక్కి తీసుకుంటాయి. ఆఖరి కొన్ని లీటర్లకు మాత్రం ఈ హార్మోను హుకుం కావాలి. అది వస్తేనే నాళాల గోడల్లో నీటి దారులు తెరుచుకుంటాయి. నాకు ఆ హుకుం రావడం లేదు, దాహం మాత్రం చెక్కుచెదరలేదు. ఇన్నాళ్ళూ నన్ను నిలబెట్టింది అందరూ మానమన్న ఆ దాహమే. ఎమ్మారైలో గ్రంథి వెనక కనిపించాల్సిన తెల్లటి మెరుపు లేదు. కారణం దొరకలేదు. ఏటా స్కాన్ తీయించుకోమన్నారు.

ఈ జబ్బు ఇంగ్లీషు పేరు డయాబెటిస్ ఇన్సిపిడస్. నా ఫైలు మీద మొదటి మాట చూసి ఆసుపత్రి క్యాంటీన్ వాళ్ళు చక్కెర లేని టీ పంపారు. టీ అయితే సరే, మందే మారిపోతే? ఇలాంటి గందరగోళం పోవాలనే 2022లో నిపుణులు పేరు మార్చి, వాసోప్రెసిన్ లోపం అనే అర్థం వచ్చేలా పెట్టారు.

డెస్మోప్రెసిన్ మాత్రలు మొదలుపెట్టిన మూడో వారంలో తలనొప్పి, వికారం, ఫోను ఎక్కడ పెట్టానో తెలియని మందకొడితనం. సోడియం 124! దాహం పోయినా చెయ్యి సీసా మీదికే పోతోంది. తాగింది తాగినట్టు లోపలే ఉండిపోతోంది. తగ్గించమన్న పాత సలహా అప్పుడు పనికొచ్చేది, అప్పుడు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి సోడియంను మెల్లగా పెంచారు. ఒక్కసారిగా పెంచితే మెదడుకే దెబ్బట. దాహం వేస్తేనే తాగాలి, అప్పుడప్పుడు ఒక మాత్ర ఆలస్యం చేసి, మూత్రం ధారాళంగా వచ్చాక వేసుకోవాలి అని చెప్పి పంపారు.

పోయిన నెల సోడియం 139. హ్యాండ్‌బ్యాగులో సుద్దముక్కల పక్కనే మాత్రలు, నేను స్పృహ తప్పితే ఏం చెయ్యాలో డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంటాయి. రాత్రి మంచం పక్కన గ్లాసుడు నీళ్ళు ఇప్పటికీ పెట్టుకుంటాను. పొద్దున అవి తులసి మొక్కకు పోతాయి.